కొసరు మరిగిన చేతికి జీతం ఎందుకు చాలడం లేదు?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 72,000 రూపాయలు చేతికి వస్తాయి. అద్దె 18,000, బాబు బడి ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 24,000, ఊళ్లో అమ్మానాన్నలకు 6,000, ఫోను, ఏసీ వాయిదాలు 7,500 (ఇంకా అయిదు నెలలు), సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 5,000. లెక్క ప్రకారం 11,500 మిగలాలి, కానీ మిగలడం లేదు. క్రెడిట్ కార్డు బాకీ 1,40,000కు చేరింది. వడ్డీ నెలకు 3.5 శాతం. కనీస మొత్తంగా నెలకు 7,000 కడుతున్నాను. 7 శాతం వడ్డీతో 80,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. గత నెల యూపీఐ చెల్లింపులు లెక్కపెడితే 143 తేలాయి, వాటిలో 96 మూడు వందల లోపువే. డీఎస్సీకి చదువుతున్న మా ఆవిడ అభ్యసన సిద్ధాంతాల పాఠం చూపించి, "మీరు పావ్‌లోవ్ కుక్కలా తయారయ్యారు, ఫోను మోగగానే చెయ్యి జేబులోకి పోతోంది" అంటోంది. ఇది నా బలహీనతేనా? పర్సనల్ లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చేయమంటారా? దసరా సేల్‌లో వాషింగ్ మెషీన్ కొనవచ్చా?

జవాబు: మీ శ్రీమతి గారు పాఠం సరిగానే చదివారు. కాకపోతే మీ 96 చెల్లింపులకు సరిపోయే జంతువు కుక్క కాదు, అదే పాఠంలో రెండు పేజీల తర్వాత వచ్చే, మీట నొక్కితే తిండి దొరుకుతుందని నేర్చుకున్న స్కిన్నర్ ఎలుక. ఏమీ అనుకోకండి, ఆ పంజరంలో నేనూ కొన్నాళ్లు ఉండి వచ్చినవాడినే. ఏది కుక్క అలవాటో, ఏది ఎలుక అలవాటో విడదీసి చూడకపోతే మందు ఒకచోట, నొప్పి ఒకచోట అవుతుంది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మీ డబ్బు లెక్కలోకి వస్తాను.

జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ గమనించినది ఇది: ఆహారంతో పాటు మళ్లీ మళ్లీ వచ్చిన సంకేతం కొన్నాళ్లకు ఆహారం లేకపోయినా కుక్క నోట లాలాజలం ఊరిస్తుంది. ఇందులో కుక్క తీసుకున్న నిర్ణయమంటూ ఏమీ లేదు, సంకేతానికి శరీరం ఇచ్చిన బదులు మాత్రమే ఉంది. ఈ శాస్త్రం అంగడికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. మనసును కాక బయటికి కనిపించే ప్రవర్తననే అధ్యయనం చేయాలనే ప్రవర్తనావాదానికి ఆద్యుడిగా పేరు పొందిన జాన్ వాట్సన్ 1920లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయాన్ని వీడి, ఆ తర్వాత న్యూయార్క్‌లో జె. వాల్టర్ థామ్సన్ అనే ప్రకటనల సంస్థలో చేరి, 1924 నాటికి దానికి ఒక ఉపాధ్యక్షుడయ్యాడు. అంటే మీ చెయ్యి జేబులోకి పోయేలా చేసే విద్యకు నూరేళ్ల అనుభవం ఉంది, దానికి ఎదురు నిలబడడానికి మీరు చేసిన సాధన ఏమీ లేదు. అయితే ఈ విద్య శక్తిని అతిగా ఊహించుకోవడం కూడా పొరపాటే. 1982లో జెరాల్డ్ గోర్న్ ప్రచురించిన ఒక ప్రయోగంలో, నచ్చిన సంగీతంతో పాటు ఒక రంగు కలాన్ని చూసినవారిలో 79 శాతం మంది ఆ రంగునే ఎంచుకోగా, నచ్చని సంగీతంతో చూసినవారిలో 30 శాతం మందే ఎంచుకున్నారు. (నచ్చని సంగీతంగా ఆయన వాడినది మన భారతీయ శాస్త్రీయ సంగీతం. మన సభల్లో ఈ ప్రయోగం చేసి ఉంటే ఫలితం తారుమారయ్యేదేమో.) 1989లో మరో ఇద్దరు పరిశోధకులు ఇదే ప్రయత్నం చేస్తే ఆ ఫలితం రాలేదు. సంకేతం మనసును ఒకవైపు వంచగలదే కానీ, డబ్బు కట్టించేదాకా ప్రతిసారీ లాక్కుపోలేదు.

కట్టించేది కొసరు. రైతుబజారులో కూరగాయలు తూచిన తర్వాత గుప్పెడు పచ్చిమిర్చి, రెండు కరివేపాకు రెబ్బలు పైన వేసే అమ్మ పాఠ్యపుస్తకాల్లోని పునర్బలనం (ఫలితం ఇచ్చి ఒక పనిని మళ్లీ మళ్లీ చేయించడం) అనే మాటను విని ఉండకపోవచ్చు, కానీ మళ్లీ తన దగ్గరికే రావాలని మీకు నేర్పుతోంది. ఆ కొసరు రోజూ ఉంటుంది, దాదాపు ఒకే పాటిగా ఉంటుంది, అందువల్ల దాని మీద ఎవరికీ పిచ్చి పుట్టదు. చెల్లింపుల యాప్‌లో గీకే కార్డు అలా కాదు. ఒకసారి మూడు రూపాయలు, నాలుగుసార్లు "బెటర్ లక్ నెక్స్ట్ టైమ్", ఎప్పుడో ఒకసారి యాభై. ఫర్‌స్టర్, స్కిన్నర్ కలిసి 1957లో ప్రచురించిన విస్తారమైన ప్రయోగాల్లో తేలినది సరిగ్గా ఇదే: ఎన్నిసార్లు మీట నొక్కితే గింజ రాలుతుందో ముందుగా తెలియని ఏర్పాటులో జంతువు అతి వేగంగా, విరామం లేకుండా నొక్కుతూనే ఉంటుంది. పేకాట మరిగినవాడు గెలిచే రోజుల వల్ల కాక, ఎప్పుడు గెలుస్తాడో తెలియనందువల్లే బల్ల దగ్గర నుంచి లేవలేడన్నది మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం: ఇది బలహీనత కాదు, మీకు తెలియకుండా మీరు నేర్చుకున్న పాఠం. నేర్చుకున్నదాన్ని సంకల్పంతో తుడిచివేయలేం. దానికి ఊపిరి పోసే బహుమతిని, సంకేతాన్ని తప్పించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అప్పుడప్పుడూ మాత్రమే బహుమతి దొరికిన అలవాటు, ప్రతిసారీ దొరికిన అలవాటు కంటే మొండిగా నిలుస్తుంది. బహుమతి ఆగిన కొత్తలో కోరిక తగ్గకపోగా పెరగవచ్చు. అణగిపోయిందనుకున్న అలవాటు కొంత విరామం తర్వాత తిరిగి తల ఎత్తుతుంది, దానినే మీ శ్రీమతి గారి పుస్తకంలో అయత్నసిద్ధ స్వాస్థ్యం అని రాసి ఉంటారు. మొదటి రెండు వారాలు చిరాకుగా ఉంటే పద్ధతి విఫలమైందనుకోకండి, రెండో నెలలో పండుగ దగ్గర పడగానే పాత కోరిక వస్తే ఆశ్చర్యపోకండి. "ఈ ఒక్కసారికి" అనే మాట మాత్రం వద్దు, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి ఇచ్చే సడలింపు ఆ గీకే కార్డు చేసే పనినే చేస్తుంది.

ఇక లెక్క. 1,40,000 మీద నెలకు 3.5 శాతం వడ్డీ 4,900, దానిపై 18 శాతం జీఎస్టీ 882, మొత్తం 5,782. మీరు కట్టే 7,000లో బాకీలోంచి తగ్గుతున్నది 1,218 మాత్రమే. పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు కనుక, మీరు ఆ కార్డుతో ఈ రోజు పాలప్యాకెట్ కొన్నా ఈ రోజు నుంచే వడ్డీ. ఇంత ఖరీదైన అప్పు నొప్పి లేకుండా పెరగడానికి కారణం ఉంది. కార్డు చూపినప్పుడు వస్తువు ఇప్పుడు చేతికి వస్తుంది, నొప్పి నెల తర్వాత వస్తుంది, చర్యకు దూరమైన శిక్ష ఏమీ నేర్పదు. ప్రెలెక్, సైమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో బాస్కెట్‌బాల్ పోటీ టికెట్ల వేలంలో కార్డుతో చెల్లించాల్సిన విద్యార్థులు, నగదుతో చెల్లించాల్సినవారు పాడిన దానికి ఇంచుమించు రెట్టింపు పాడారు. చదువుకున్నంత మాత్రాన ఈ మాయ తప్పదనడానికి గుర్తుగా, ఆ పాడినవాళ్లు అమెరికాలోని ఎంఐటీలో ఎంబీఏ చదువుతున్నవారు.

ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను కదపండి. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అది మీరు గర్వంగా చెప్పుకోగల ఒకే ఒక్క పొదుపు. కానీ అందులోని 60,000 ఏడాదికి 4,200 తెస్తుంటే, కార్డులో అదే 60,000 బాకీ జీఎస్టీతో కలిపి నెలకు 2,478 తింటోంది. ఏడాది వడ్డీని రెండు నెలలు మింగేస్తున్నాయి. గడువుకు ముందు తీసినందుకు బ్యాంకు కోసే కొద్దిపాటి వడ్డీ ఈ తేడా ముందు లెక్కలోకి రాదు. 20,000 అత్యవసరానికి ఉంచి, 60,000 కార్డుకు కట్టండి. సిప్‌ను కూడా ఆపండి. ఏడాదికి 12 శాతం రావచ్చన్న ఆశతో పెట్టుబడి పెడుతూ, ఏడాదికి 42 శాతం తప్పకుండా పోయే అప్పును మోయడం సమంజసం కాదు.

కార్డులో మిగిలిన 80,000 బాకీకి పర్సనల్ లోన్ తీసుకోవచ్చు. మీ జీతం వచ్చే బ్యాంకులో 15 శాతానికి, 12 నెలల కాలానికి దొరుకుతుందనుకుంటే వాయిదా సుమారు 7,220 పడుతుంది, ఏడాదికి కట్టే వడ్డీ 6,650 దాటదు (ప్రాసెసింగ్ ఫీజు వేరు). ఇప్పుడు కడుతున్న 7,000కు దాదాపు సమానమైన వాయిదాతో ఏడాదిలో బాకీ పూర్తిగా తీరుతుంది. అయినా ఈ సలహా ఇవ్వడానికి నేను కొంచెం జంకుతాను, కారణం కూడా ఆ పాఠంలోనే ఉంది. బాధ తొలగిపోవడం కూడా ఒక బహుమతే, దాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. మన భాషలో ఆ మాట ఇక్కడ రెండర్థాల్లోనూ సరిపోవడం విచిత్రం. లోన్ రాగానే కార్డు ఖాళీ అవుతుంది, గుండె తేలికపడుతుంది, అప్పు చేస్తే బాధ తీరుతుందని మనసు నేర్చుకుంటుంది, ఖాళీ అయిన పరిమితి మళ్లీ పిలుస్తుంది. రెండేళ్ల తర్వాత లోనూ, కార్డూ రెండూ నెత్తిన పెట్టుకుని వచ్చినవారిని చాలామందిని చూశాను. అందువల్ల నా షరతు ఒకటి: లోన్ డబ్బు ఖాతాలో పడిన రోజే కార్డు బాకీ కట్టి, అదే రోజు కార్డు పరిమితిని 25,000కు తగ్గించమని బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. అది చేయలేననుకుంటే లోన్ తీసుకోకండి.

కార్డుల ఆన్‌లైన్ వాడకాన్ని వినియోగదారుడే ఆపుకుని, తెరుచుకునే సదుపాయం ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2020లో ఆదేశించింది. దాన్ని వాడి ఆన్‌లైన్ లావాదేవీలను మామూలుగా ఆపి ఉంచండి. కొనే ప్రతిసారీ బ్యాంకు యాప్ తెరిచి మీట తిప్పవలసి వస్తే, ఆ రెండు నిమిషాల్లో సగం కొనుగోళ్లు వాటంతట అవే రాలిపోతాయని నా దగ్గరికి వచ్చేవారి విషయంలో గమనించాను. షాపింగ్ యాప్‌లలో దాచి ఉంచిన కార్డు వివరాలు తీసేయండి, పిన్ లేకుండా చెల్లించే యూపీఐ లైట్‌ను ఆపండి. జీతం ఖాతాను యూపీఐ నుంచి పూర్తిగా విడదీసి, ఇంకో చిన్న ఖాతాకు మాత్రమే యూపీఐ కలిపి, ప్రతి సోమవారం మీ సొంత చిల్లర ఖర్చులకు 1,200 అందులో వేసుకోండి. అద్దె, ఇంటి ఖర్చు, అమ్మానాన్నలకు పంపేది, పాత వాయిదాలు, కొత్త లోన్ వాయిదా పోగా నెలకు 9,280 ఉంటుంది. వారానికి 1,200 చొప్పున ఇంచుమించు 5,200 పోయినా 4,000 మిగులుతుంది, దాన్ని ఆ 20,000కు చేర్చండి. అయిదు నెలల తర్వాత ఫోను, ఏసీ వాయిదాల 7,500 కూడా అటే మళ్లించండి.

ఇది శిక్షలా మారితే ఎక్కువ రోజులు నిలవదు. శిక్ష ఒక పనిని ఆ కాసేపు అణచగలదు కానీ దాని స్థానంలో ఏం చేయాలో నేర్పదని స్కిన్నర్ చెప్పిన మాట సంసారంలో మరీ నిజం. కార్డు స్టేట్‌మెంట్ వచ్చిన రోజు ఇంట్లో జరిగే గొడవ మీకు పొదుపు నేర్పదు, స్టేట్‌మెంట్ దాచడం నేర్పుతుంది. మీ శ్రీమతి గారికి నా తరఫున చెప్పండి: లెక్క అడగడానికి నెలాఖరు వద్దు, ఆదివారం ఉదయం పది నిమిషాలు చాలు, ఆ వారం 1,200లో మిగిలినది ఎంతైనా అక్కడికక్కడే ఇద్దరిలో ఒకరికి ఇష్టమైనదానికి ఖర్చు పెట్టేయండి. మిగుల్చుకున్నందుకు ఫలితం ఆలస్యంగా కాక, ఆ క్షణంలోనే కనిపించాలి. బాబు సంగతి కూడా ఆలోచించండి. పెద్దలు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు, ఎవరూ చెప్పకపోయినా, తామూ అలాగే కొట్టారని 1961లో మనస్తత్వవేత్త బందూరా బృందం స్టాన్‌ఫర్డ్‌లో చూపింది. ఫోను చూపిస్తే వస్తువు వస్తుందన్నదే రోజూ చూస్తున్న పిల్లవాడికి డబ్బు తరుగుతుందన్న సంగతి తెలిసే దారి లేదు. వారానికి ఒకసారైనా వాడి చేతికి నోటు ఇచ్చి, చిల్లర వాడి చేతనే లెక్కపెట్టించండి.

వాషింగ్ మెషీన్ విషయానికి వస్తే, మన దగ్గర ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల దుకాణాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి తగ్గింపులు మొదలయ్యాయి. కొన్నేళ్లకు జనం ఆషాఢం కోసమే కొనుగోళ్లు ఆపుకోవడం నేర్చుకున్నారు, దుకాణాలు ఆషాఢం కోసమే ప్రత్యేకంగా సరుకు తెప్పించడం నేర్చుకున్నాయి. ఎవరు ఎవరికి శిక్షణ ఇచ్చారో ఇప్పుడు చెప్పడం కష్టం. ఆన్‌లైన్ దసరా సేల్ దానికి మనవడే, కాకపోతే గడియారం పెట్టి తొందరపెడుతుంది. లేని కొరతను ఉన్నట్టు చూపి తొందరపెట్టడాన్ని, అడగని వస్తువును బుట్టలో చేర్చడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో వెలువరించిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించిన 13 పద్ధతుల్లో చేర్చాయి. అలాంటిది ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. "నో కాస్ట్ ఈఎంఐ" మాత్రం తీసుకోకండి. అందులో వడ్డీ లేకుండా పోదు, అంత మొత్తం ధరలో తగ్గించినట్టు చూపుతారు. ఆ వడ్డీపై జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు మీవే.

పాత మెషీన్ నడుస్తుంటే ఈ దసరాకు వద్దు. పూర్తిగా పాడైపోయి ఉంటే, ఈ రోజే మీకు కావలసిన మోడల్ పేరు, మూడు దుకాణాల్లో దాని ధర ఒక కాగితంపై రాసి ఫ్రిజ్‌కు అంటించండి. సేల్‌లో ఆ మోడల్‌కు, ఆ కాగితంపై ఉన్న అతి తక్కువ ధర కంటే కనీసం రెండు వేలు తగ్గితేనే, ఆ 20,000లోంచి డెబిట్ కార్డుతో కొనండి, తర్వాతి నెలల 4,000తో ఆ లోటు పూడ్చండి. తగ్గకపోతే సంక్రాంతికి మళ్లీ అదే కాగితం తీసి చూడండి.