రాని సబ్సిడీని నమ్ముకుని మూడు రూపాయల వడ్డీకి తెస్తే..

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 31. ఓ ప్రభుత్వ కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. జీతం రూ.19,500, కటింగులు పోను చేతికి 16,800. అదీ రెండు మూడు నెలలకోసారి వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం స్వయం ఉపాధికి సబ్సిడీ ఇచ్చే రాజీవ్ యువ వికాసం పథకం కింద రూ.4 లక్షల యూనిట్‌కు దరఖాస్తు చేశాను. ఎలాగూ వస్తుందని తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చి జిరాక్స్ సెంటర్ పెట్టాం. నా భార్య చూసుకుంటోంది. అద్దె పోను నెలకు 5 వేలు మిగులుతున్నాయి. సబ్సిడీ ఇంకా రాలేదు. వచ్చేదాకా లోన్ యాప్‌లో లక్ష తీసుకోవచ్చా? మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా రూ.2 వేలు వేసే సిప్‌లో 38 వేలు జమయ్యాయి, దాన్ని పెంచమంటారా? భార్యకు నాలుగు తులాల బంగారం ఉంది. ఇద్దరు పిల్లలు.

జవాబు: యాప్ లోన్ వద్దు. లక్ష కాదు, పదివేలు కూడా వద్దు. ఇప్పటికే ఫోన్‌లో ఆ యాప్ వేసుకుని ఉంటే, ఇది చదవడం ఆపి ముందు దాన్ని తీసేయండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం అందులోని ‘ఎలాగూ వస్తుందని’ అన్న మాట. ఈ మధ్య నాకు వచ్చే ప్రతి పది ఉత్తరాల్లో రెండు మూడింట్లో ఇదే కనిపిస్తోంది. 2025 మార్చిలో ఈ పథకం మొదలైంది. 5 లక్షల మందికి ఇస్తామన్నారు. దరఖాస్తులు 16 లక్షలు దాటాయి. జూన్ 2న ఇవ్వాల్సిన మంజూరు పత్రాలు వాయిదా పడ్డాయి. అంటే ముగ్గురు అడిగితే ఒకరికి, అదీ ఎప్పుడో తెలియకుండా. పథకం మంచిచెడ్డల గురించి కాదు నేను చెబుతున్నది. ఖాతాలో పడని డబ్బును లెక్కలో రాసుకుని అప్పు తేవడం గురించి. ప్రభుత్వం వాయిదా వేయగలదు. మీకు అప్పిచ్చినాయన వేయడు. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. భార్య పొద్దంతా షాపులో నిలబడి సంపాదించిన 5 వేలూ ఆ వడ్డీకే చాలడం లేదు.

రాష్ట్ర తలసరి ఆదాయం 2024-25లో రూ.3.79 లక్షలని సర్కారు లెక్క. మీ నలుగురికీ కలిపి ఏడాది జీతం రూ.2.34 లక్షలు, కటింగులకు ముందు. అదైనా నెలనెలా రాదు. బడ్జెట్ విడుదల కావాలి, ట్రెజరీలో బిల్లు పాసవ్వాలి, అక్కడి నుంచి ఏజెన్సీకి, ఏజెన్సీ నుంచి మీకు. మార్చి 31 వస్తే కొనసాగింపు ఉత్తర్వు కోసం మళ్లీ ఎదురుచూపు. ఇలాంటి ఉద్యోగికి అత్యవసర నిధి ఉంటే మంచిదని కాదు, అది లేకుండా నెల గడవదు.

కిందటేడు ఓ ల్యాబ్ టెక్నీషియన్ నా దగ్గరికొచ్చి ఫోన్‌లో బ్యాంకు మెసేజీలు చూపించాడు. ఆ నెల జీతం 23న పడింది. 5న బైక్ వాయిదా బౌన్స్, 8న మళ్లీ ప్రయత్నం, మళ్లీ బౌన్స్. ప్రతిదానికీ జరిమానా, పైన జీఎస్టీ. పాపకు జ్వరం సిరప్ కొనడానికి పక్కింటివాళ్ల దగ్గర 200 చేబదులు తీసుకున్నాడు. అతని జీతం మీకంటే ఎక్కువే. ఖాతాలో ఓ 20 వేలు ఉండి ఉంటే ఇందులో ఒక్కటీ జరిగేది కాదు.

మీకు నెలకు ఇల్లు గడవడానికి సుమారు 14 వేలు కావాలి. నాలుగు నెలలకు 56 వేలు, 60 వేలనుకోండి. అదే మీ అత్యవసర నిధి. సిప్ పెంచడం కాదు, ఆపేయండి. 36 శాతం వడ్డీ కడుతూ ఏ ఫండ్‌లో పెట్టినా నష్టమే. అందులోని 38 వేలు తీసి, ఏటీఎం కార్డు లేని వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. తర్వాత బంగారం. 2 లక్షల అప్పుకు సరిపడా తులాలు మాత్రమే బ్యాంకులో పెట్టండి. వడ్డీ రూపాయికి అటూఇటుగా, అంటే నెలకు 2 వేలు పడుతుంది. ఆ డబ్బుతో మూడు రూపాయల అప్పు ఒకేసారి తీర్చి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. వడ్డీలో మిగిలే 4 వేలు, ఆపేసిన సిప్ 2 వేలు కలిపి నెలకు 6 వేలు ఆ ఖాతాలోకే. నాలుగు నెలల్లో నిధి పూర్తవుతుంది. ఐదో నెల నుంచి ఆ 6 వేలూ బంగారం అప్పు అసలుకు కట్టండి.

ఆగిన జీతాలు ఒకేసారి పడినప్పుడు చేతికి 50 వేలు వచ్చినట్టనిపిస్తుంది. అవి గడిచిపోయిన నెలల డబ్బులు. నిధిలోంచి ఎంత తీశారో అంత ముందు తిరిగి వేశాకే ఇంకేదైనా.

మహిళా పొదుపు సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణం దొరికితే బంగారం పెట్టాల్సిన పని తగ్గుతుంది, సంఘం వాళ్లను అడగమని మీ భార్యకు చెప్పండి. బ్యాంకులో దొరికే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (ఏడాదికి 436 రూపాయలు), సురక్షా (20 రూపాయలు) బీమాలు రెండూ ఈ వారమే తీసుకోండి. ఏజెన్సీ మీ పీఎఫ్ నిజంగా కడుతోందో లేదో పాస్‌బుక్‌లో, ఈఎస్ఐ కడుతోందో లేదో ఈఎస్ఐసీ పోర్టల్‌లో చూసుకోండి.

ఉద్యోగం మానకండి. సబ్సిడీ ఎప్పుడైనా వస్తే కొత్త మెషీన్ కొనవద్దు. అప్పటికి బ్యాంకులో ఇంకెన్ని గ్రాములుంటే అన్నీ ముందు విడిపించండి.