2024 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా చేతిలో మెల్‌బోర్న్ టెస్టు ఓటమికి రోహిత్ శర్మ వయసే కారణమా? టెస్టుల్లోంచి ఇంకా ముందే తప్పుకోవాల్సిందా?

మీరడిగిన ఈ రెండిటికీ కాదనే అంటాను. ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఈ విషయంలో మా ఇంట్లో నాకూ మా బావమరిదికీ ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది. అందుకని కాస్త ఓపిక పట్టండి.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నాకు నలభై తొమ్మిది. ఆదివారం పొద్దున్న మా విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడతాను. రెండేళ్ల కిందటి దాకా ఓపెనింగ్ నాదే. ఇప్పుడు కుర్రాళ్లు "సార్, మీరు కీపర్ వెనకాల నిలబడండి, అక్కడికి బంతి పెద్దగా రాదు" అంటున్నారు. అంతకుముందు 'అన్నా' అనేవాళ్లు, ఈ మధ్యే 'సార్' అయ్యాను. కాబట్టి పెద్దవయసు ఆటగాళ్ల గురించి నేను చెప్పేదాంట్లో కొంత కడుపుమంట కలిసే ఉంటుంది.

ఇక అసలు సంగతి. 2024 ఫిబ్రవరి 4, ఆదివారం. మా ఊరి పీఎం పాలెం స్టేడియంలో ఇంగ్లండ్‌తో రెండో టెస్టు, మూడో రోజు. హైదరాబాద్‌లో మొదటి టెస్టు 28 పరుగులతో ఓడి వచ్చారు మనవాళ్లు. ఇక్కడ జైస్వాల్ 209 కొట్టాడు, బుమ్రా 6 వికెట్లు తీశాడు. శనివారం సాయంత్రానికి రెండో ఇన్నింగ్స్‌లో వికెట్ పోకుండా 28. ఆదివారం కదా, మా బావమరిది కూడా గాజువాక నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చాడు. ఇద్దరం నా బండి మీద మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ దాటుకుంటూ వెళ్లేసరికి స్టేడియం ముందు అప్పటికే జనం. లోపల కూర్చున్నామో లేదో వాడికి టీ కావాల్సొచ్చింది. "బావా, ఇప్పుడే వచ్చేస్తా, సీటు చూస్కో" అని వెళ్లాడు.

వాడు వెళ్లాక ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ ఆండర్సన్ రోహిత్‌కి వేసిన బంతి నా కళ్లతో చూశాను. ఆ మనిషికి అప్పటికి 41 ఏళ్లు. రన్నప్ చూస్తే పాలపాకెట్ కోసం వీధి చివరిదాకా వెళ్తున్నట్టు ఉంటుంది, తొందరేమీ ఉండదు. బంతి నేరుగా వస్తున్నట్టే వచ్చింది, రోహిత్ దాన్ని ఆపడానికి సరిగ్గానే బ్యాటు పెట్టాడు. పడ్డాక వెంట్రుకవాసి బయటికి కదిలింది. బ్యాటు పక్కనుంచి దూరి ఆఫ్ స్టంపు ఎగరగొట్టింది. 13 పరుగులకే ఔట్. స్టేడియం మొత్తం ఒక్కసారి చప్పబడిపోయింది. మా ముందు వరసలో ఒకాయన చేతిలో ఉన్న పల్లీల పొట్లం అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

ఆ నిశ్శబ్దానికే వాడికి అర్థమైపోయింది. రెండు పేపర్ కప్పులతో పరిగెత్తుకొచ్చి, ఫోన్‌లో రీప్లే చూసి, కూర్చోకుండానే తీర్పు ఇచ్చేశాడు.

"అయిపోయాడు బావా. 36 వచ్చేశాయి. చూపు ఆనట్లేదు. ఆ బాల్ నేనైనా ఆపుదును."

"నువ్వు చూశావా ఆ బంతి?"

"ఫోన్‌లో చూశాను కదా."

ఇదిగో, నా గొడవంతా ఇదే. ఫోన్‌లో రీప్లే చూస్తే బంతి ఎక్కడికి వెళ్లిందో ముందే తెలిసి చూస్తాం. అవతల ఉన్నవాడికి తెలియదు కదా! సరే, పది నిమిషాలు తిరక్కుండానే జైస్వాల్ కూడా అదే ఆండర్సన్‌కి దొరికిపోయాడు, కీపర్ పక్కన స్లిప్‌లో ఉన్న రూట్‌కి క్యాచ్. 17. మొదటి ఇన్నింగ్స్‌లో డబుల్ సెంచరీ కొట్టినవాడు, 22 ఏళ్ల కుర్రాడు. మా బావమరిది "అబ్బ, మంచి బాల్ పడిపోయింది పాపం" అన్నాడు. చూడండి. అదే బౌలరు, అదే పొద్దు, అదే పిచ్. ఒకడిది వయసు, ఇంకొకడిది మంచి బాలు.

అంతకన్నా నవ్వొచ్చేది ఇంకోటుంది. రోహిత్‌కి వయసైపోయిందని తేల్చిన ఆ బంతి వేసింది ఎవరయ్యా అంటే, అతని కంటే ఐదేళ్లు పెద్దవాడైన ఆండర్సన్. ఆ మాటంటే వాడు "బౌలింగ్ వేరు, బ్యాటింగ్ వేరు బావా" అని టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. నిజానికి వేరే. కానీ వాడు అనుకున్న పద్ధతిలో కాదు. ఫాస్ట్ బౌలర్‌కి ఒళ్లు ముందు పోతుంది, మోకాళ్లు, నడుము, భుజం. అయినా ఆ మనిషి మొదటి ఇన్నింగ్స్‌లో 25 ఓవర్లు వేసి 47 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీశాడు. మా ఊరి ఎండ ఫిబ్రవరిలో కూడా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ లెక్క విలువ తెలుస్తుంది. నేనైతే అదే ఎండలో కూర్చోవడానికే రెండు సీసాల నీళ్లు తాగాను.

మర్చిపోయాను, నీళ్ల సీసా అంటే గుర్తొచ్చింది. ఏ స్టేడియం అయినా సరే, లోపల అమ్మే సమోసా ధర విని నోరెళ్లబెట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కటే సమోసా, అదీ చల్లారిపోయింది. సరే వదిలేయండి.

మర్నాడు సోమవారం. బావమరిదికి డ్యూటీ, రాలేదు. నేను కడుపునొప్పి అని చెప్పి సెలవు పెట్టి వెళ్లాను. మా మేనేజర్ ఇది చదవరని ఆశ. 399 కొట్టాలి ఇంగ్లండ్. పోప్ కాసేపు నిలబడ్డాడు, హైదరాబాద్‌లో 196 కొట్టి మనల్ని ముంచింది అతనే. మన స్పిన్నర్ అశ్విన్ బంతిని కట్ చేయబోతే అంచుకి తగిలి స్లిప్‌లోకి ఎగిరింది. ఎంత వేగంగా వచ్చిందంటే మాకు బంతి కనపడలేదు, రోహిత్ చేతులు మాత్రం కనపడ్డాయి. పట్టేశాడు! చూపు ఆననివాడు పట్టే క్యాచ్ అది కాదు. అప్పుడే బావమరిదికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం మెసేజ్ పెట్టాడు, "చూశాలే" అని.

అదే రోజు అశ్విన్‌కి టెస్టుల్లో 500వ వికెట్ మా ఊళ్లోనే పడిపోయిందనుకున్నాం. 499 దగ్గర ఉండగా ఇంగ్లండ్ ఆటగాడు హార్ట్‌లీ ఔటని అంపైర్ వేలెత్తాడు. మేమంతా లేచి గంతులేశాం. రివ్యూలో బంతి చేతికి తగిలిందని తేలింది, నాటౌట్. ఆ వికెట్ తర్వాత రాజ్‌కోట్‌కి పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అశ్విన్‌కి అప్పుడు 37. ఆ వయసు సంగతి ఎవరూ ఎత్తలేదు, మీరు గమనించారో లేదో.

ఎందుకు ఎత్తలేదు? 106 పరుగులతో గెలిచాం కాబట్టి. ఇదే నేను చెప్పాలనుకున్నది. టెస్టు గెలిస్తే ఎవరి పుట్టినతేదీ ఎవరికీ అక్కర్లేదు. రోహిత్ ఆ మ్యాచ్‌లో 14, 13 కొట్టాడు. రెండూ కలిపితే 27. సాయంత్రం కార్‌షెడ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంట గడిపాను, చుట్టూ వందమంది మాట్లాడుకుంటున్నారు. బుమ్రా, జైస్వాల్, గిల్ సెంచరీ, స్టోక్స్ రనౌట్. రోహిత్ 27 గురించి ఒక్కడు నోరెత్తలేదు. అదే మ్యాచ్ ఓడి ఉంటే? అక్కడే రోడ్డు మీద రిటైర్మెంట్ ఇచ్చేసేవాళ్లు. వచ్చే టెస్టులోనే, రాజ్‌కోట్‌లో, 131 కొట్టాడు. ధర్మశాలలో 103. మా బావమరిది ఆ రెండు రోజులూ ఫోన్ చేయలేదు.

ఇక మీరడిగిన మెల్‌బోర్న్. అది మా ఊరివాళ్లకి రెండు ముక్కల మ్యాచ్. శనివారం మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా ఔటైపోయాడు. సిరాజ్ మూడు బంతులు కాచాడు, ఆ మూడు బంతులకి మా వీధిలో ఎంతమంది ఊపిరి బిగబట్టారో! తర్వాత బోలండ్ మీద ఫోరు కొట్టి సెంచరీ. గ్యాలరీలో వాళ్ల నాన్నగారు కన్నీళ్లు పెట్టుకోవడం టీవీలో చూసి మా ఆవిడ కూడా కళ్లు తుడుచుకుంది, క్రికెట్ అంటే పడని మనిషి.

సోమవారం మళ్లీ తెల్లవారుజామున ఐదింటికి లేచి కూర్చున్నాం. బావమరిది రాత్రే మా ఇంట్లో పడుకున్నాడు. రోహిత్ 9, కోహ్లీ 5. ఇద్దరూ లంచ్ లోపే. వాడు నావైపు తిరిగి "చూశావా" అనలేదు, ఊరికే కనుబొమ్మలెగరేశాడు. అది ఇంకా ఒళ్లుమంట. కానీ ఆ మ్యాచ్ పోయింది అప్పుడు కాదు. టీ తర్వాత పోయింది. 3 వికెట్లకి 121 మీద ఉన్నవాళ్లు 155కి ఆలౌట్. 34 పరుగులకి 7 వికెట్లు! పంత్ తీరిగ్గా నిలబడ్డవాడు ట్రావిస్ హెడ్ వేసిన బంతిని గాల్లోకి లేపాడు. జైస్వాల్ 84 మీద ఉండగా స్నికోలో (బంతి బ్యాటుకి తగిలిందో లేదో శబ్దంతో చూపేది) గీత కదలకపోయినా థర్డ్ అంపైర్ ఔటిచ్చాడు, దాని గురించి మాట్లాడితే ఇంకో పేజీ అవుతుంది. మన నితీశ్ 1కే వెళ్లిపోయాడు, అతనికి 21 ఏళ్లు. ఆ కూలిన ఏడుగురిలో వయసు మీద తోయదగ్గవాళ్లు ఎంతమంది? అయినా సాయంత్రం అందరి నోటా ఒకటే మాట, ముసలాళ్లని పంపేయండి అని.

దాచను, లెక్కలు నాకూ తెలుసు. న్యూజిలాండ్‌తో సొంతగడ్డ మీద ఆరు ఇన్నింగ్స్‌లో 91. ఆస్ట్రేలియాలో ఐదు ఇన్నింగ్స్‌లో 31. ఇది ఎవరూ సమర్థించలేరు. సిడ్నీలో తనంతట తనే పక్కన కూర్చున్నాడు, 2025 మేలో టెస్టులకి సెలవు చెప్పాడు. నా వాదన అతను బాగా ఆడాడని కాదు. కారణం వయసు కాదని. 2019 అక్టోబర్‌లో ఇదే పీఎం పాలెంలో, సౌతాఫ్రికా మీద, టెస్టుల్లో మొదటిసారి ఓపెనింగ్‌కి వచ్చి 176, 127 కొట్టాడు. మ్యాచ్ మొత్తం మీద 13 సిక్సర్లు. మొదటి రోజు టీ దగ్గర వాన పట్టుకుంది, అప్పటికి 202కి వికెట్ లేదు, తడుస్తూనే నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. ఓపెనర్‌గా అతను పుట్టింది మా ఊళ్లో. అలాంటివాణ్ని అడిలైడ్‌లో, బ్రిస్బేన్‌లో ఆరో నంబరులో పంపి, మెల్‌బోర్న్‌లో మళ్లీ పైకి తెస్తే కుదురుతుందా? ఓపెనింగ్‌లో ఆడుతున్న రాహుల్ కోసం తనే కిందికి దిగాడనుకోండి. అయినా నా లెక్క నాది. ఏళ్లుగా వంట చేస్తున్న మనిషికి స్టవ్ మార్చేసి కూర మాడిందంటే చేతిరుచి పోయిందంటామా?

ఇది రోహిత్‌తో మొదలైంది కాదు. 2012 జనవరిలో ఆస్ట్రేలియాలో నాలుగుకి నాలుగు ఓడినప్పుడు మా మావయ్య గారు లక్ష్మణ్‌ని పొద్దున్నుంచి రాత్రిదాకా తిట్టేవారు. ఆ సిరీస్‌లో లక్ష్మణ్ 155 పరుగులు. "37 వచ్చాయి, ఇంకా ఏం చూసుకుని ఆడిస్తున్నారు" అని. ఆగస్టులో లక్ష్మణ్ నిజంగానే రిటైరయ్యాడు, అదీ ఉప్పల్‌లో టెస్టు వారంలో ఉందనగా. ఆ రాత్రి మావయ్య గారు కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయారు. "మన హైదరాబాద్‌లో ఒక్కటి ఆడి వెళ్లకూడదా" అని అత్తయ్య గారి మీద అరిచారు, పాపం ఆవిడకి ఏం సంబంధం? లక్ష్మణ్‌ని పొమ్మన్నదీ ఆయనే, పోయాడని ఏడ్చిందీ ఆయనే. వాళ్లబ్బాయే మా బావమరిది.

2025 డిసెంబర్ 6న మళ్లీ పీఎం పాలెం వెళ్లాం, ఇద్దరమూ. సౌతాఫ్రికాతో మూడో వన్డే. టికెట్లు వాడే కొన్నాడు. 271 కొట్టాలి. రోహిత్‌కి 38. ఆ మ్యాచ్‌లోనే అన్ని రకాల ఆటలూ కలిపి 20 వేల పరుగులు దాటాడు. 75 కొట్టి ఔటైతే జైస్వాల్ సెంచరీ, కోహ్లీ 65 నాటౌట్, ఒకే ఒక్క వికెట్ పోయి గెలిచేశాం. రోహిత్ కొట్టిన ప్రతి షాట్‌కీ మా బావమరిది కుర్చీ మీద నిలబడ్డాడు. వెనకవాళ్లు కూర్చోమని అరుస్తున్నా వినడు.

బయటికొచ్చాక ఎప్పటిలాగే కార్‌షెడ్ దాకా బండి కదల్లేదు. ఇంజన్ ఆపి పక్కన టీకొట్టు దగ్గర నిలబడ్డాం. వాడు గ్లాసు అందుకుంటూ, మహా సీరియస్‌గా అడిగాడు:

"అవును బావా, ఇతన్ని టెస్టుల్లోంచి ఎవడు పంపించేశాడు?"

నేనేమీ అనలేదు. టీ డబ్బులు వాడి చేతే ఇప్పించాను.