ఆన్‌లైన్ మెడికల్ కాన్ఫరెన్స్ చూస్తూ ట్వీట్లు వేయడం పీజీలకు ఏమైనా ఉపయోగమా?

ఉపయోగమే. కాకపోతే వేయడం కన్నా చదవడం ఎక్కువ ఉపయోగం. నాకు ఇది కాస్త సిగ్గుపడి తెలిసింది.

అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో ఏటా షికాగోలో పెద్ద సమావేశం పెడుతుంది. 2020లో కొవిడ్ వల్ల అదంతా ఆన్‌లైన్‌కు వచ్చింది. నేనప్పుడు ఆంకాలజీ ట్రైనింగ్‌లో ఉన్నాను. నా స్టైపెండ్‌కి షికాగో ఎక్కడ! హాస్టల్ గదిలో లాప్‌టాప్‌లో ప్రసంగం, చేతిలో ట్విటర్.

ఆ ఆదివారం రాత్రి అడౌరా అనే ట్రయల్ (మందును పేషెంట్ల మీద పరీక్షించడం) ఫలితాలు చెప్పారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉన్న 682 మంది. కొందరికి ఒసిమెర్టినిబ్ మాత్ర, మిగతావాళ్లకు ప్లసీబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర. 2, 3ఏ దశల్లో జబ్బు తిరగబెట్టే లేదా చనిపోయే ముప్పు 83 శాతం తగ్గింది. తెర మీద గ్రాఫ్‌లో ఆ రెండు గుంపుల గీతలు అంత ఎడంగా విడిపోవడం చూసి ఆగలేకపోయాను. స్క్రీన్‌షాట్ తీసి, "ఇక వైద్యమే మారిపోతుంది" అని పెట్టేశాను.

కాసేపటికి హ్యాష్‌ట్యాగ్ కింద సీనియర్లు వాదులాడుకుంటున్నారు. జబ్బు తిరిగి రావడం ఆలస్యమైంది సరే, మనిషి ఎక్కువ కాలం బతికాడా? ప్లసీబో వాళ్లకు జబ్బు తిరగబెట్టాక ఈ మాత్ర అందరికీ అందుతుందా? నాకు ఒక్కటీ తట్టలేదు. షికాగో వెళ్లినా కాఫీ దగ్గర ఆ పెద్దవాళ్ల పక్కన నిలబడి వినే ధైర్యం నాకుండేది కాదు. (ఆయుష్షు లెక్క 2023లో వచ్చింది. ఐదేళ్లకు 88 శాతం మంది బతికున్నారు, ప్లసీబోలో 78. మాత్రే గెలిచింది. అయినా ఆ రాత్రి ఆ ప్రశ్నలు అడగాల్సినవే.)

రెండు వారాలకు ఓపీలో ఒకతను ఫోన్ చూపించాడు. "ఇది మీరు పెట్టిందే కదా సార్? మా నాన్నకు కూడా రాయండి." నా స్క్రీన్‌షాటే, ఎవరో వాట్సాప్‌లో పంపారట. వాళ్ల నాన్నకు ఆ మ్యుటేషన్ లేదు, జబ్బు అప్పటికే ఎముకలకు పాకింది. ఈ మందు ఎవరికన్నది స్లైడ్ పైన చిన్న అక్షరాల్లో ఉంది. ఫోన్‌లో గీతలు పెద్దగా కనపడాలని దాన్ని కత్తిరించింది నేనే. "మరి ఎందుకు పెట్టారు సార్?" అన్నాడతను. మాస్కు ఉండబట్టి నా మొహం కనపడలేదు.

ఇప్పుడు ట్రయల్‌లో ఎవరున్నారన్నదే మొదటి వాక్యంగా రాస్తాను. ఫొటో తీయొద్దని స్లైడ్ మీద ఉంటే తీయను. పేరు చెరిపేసినా పేషెంట్ స్కాన్ పెట్టను. వక్త ఏ కంపెనీల దగ్గర డబ్బు తీసుకున్నాడో చెప్పే స్లైడ్ రెండు సెకన్లలో పోతుంది. రికార్డింగ్‌లో పాజ్ కొట్టి చదవచ్చు, హాల్లో కుదరని పని అది.

మీరైతే మొదటి కాన్ఫరెన్స్‌కు ఏమీ రాయకండి. ఒక్క ట్రయల్ పట్టుకుని, దాని గురించి ఒప్పుకోని ఇద్దరి వాదన చివరిదాకా చదవండి.