కన్నబిడ్డకి నాన్నే కరాటే మాస్టారైతే

"మా బాబుకి ఆరేళ్లు. కాలేజీ రోజుల్లో నేను షోటోకాన్ అనే పద్ధతి కరాటేలో బ్లాక్ బెల్ట్ తీసుకున్నాను. వాడికి ఇంట్లో నేనే నేర్పనా, బయట క్లాసులో చేర్చనా? అమ్మానాన్నల దగ్గరే నేర్చుకుని మాస్టర్లయినవాళ్లు ఉంటే చెప్పండి" అని ఒక తండ్రి అడిగారు.

నేనున్నానండి. కాకినాడలో కరాటే నేర్పుతాను. నాకు నేర్పింది మా నాన్నే. ఐదో ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు ముప్పై తొమ్మిది. ముందే చెప్పేస్తున్నా, మొదట్లో మీరే నేర్పండి. బెల్టు మార్చే గ్రేడింగ్ పరీక్ష మాత్రం మీరు పెట్టకండి. పదీ పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంకో మాస్టారికి అప్పగించండి. ఎందుకంటున్నానో తెలియాలంటే మా డాబా సంగతి వినాలి.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఎనభైల్లో సుమన్, భానుచందర్ సినిమాలు చూసి ఊళ్లో కుర్రాళ్లందరికీ కరాటే పిచ్చి పట్టింది. అందరికీ ఏడాదిలో వదిలింది, ఆయనకి వదల్లేదు. ఫస్ట్ బస్సు డ్యూటీ ఉన్న రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికే నన్ను లేపి డాబా ఎక్కించేవారు. ఇచి, ని, సాన్, షి అని ఆయన లెక్కపెడుతుంటే టికెట్ల లెక్క చూసుకుంటున్నారేమో అనుకునేవారట పక్కింటివాళ్లు. కటా, అంటే ఒక వరసలో చేసే కదలికలు, అయిపోయాక 'యామె' (ఆపు) అనాలి కదా, ఆయన నోట 'రైట్' అని వచ్చేసేది. మొదటిసారి బయట టోర్నమెంట్‌కి వెళ్లేదాకా అది కూడా జపాన్ మాటే అనుకున్నాను నేను.

సాయంత్రం స్కూల్ గ్రౌండ్‌లో క్లాసు. అక్కడ ఆయన్ని 'మాస్టారు' అనాలి, గేటు దాటాక 'నాన్నా' అనొచ్చు. ఇది ఆయన పెట్టిన రూలే, మొదట తప్పిందీ ఆయనే. రాత్రి అన్నం తింటుంటే నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నెట్టేవారు. పంచ్ కొట్టేటప్పుడు మోచెయ్యి పక్కటెముకల్ని రాసుకుంటూ వెళ్లాలని ఆయన బాధ. ముద్ద పప్పన్నానికి ఆ బాధ ఎందుకు? మిగతా పిల్లలకి క్లాసు గంటన్నర. నాకు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా క్లాసే.

తొమ్మిదో ఏట ఆరెంజ్ బెల్ట్ గ్రేడింగ్. హెయాన్ షోడాన్ కటా చెయ్యాలి. మొత్తం ఇరవై ఒక్క కదలికలు, నిద్రలో లేపినా చేస్తాను. చేశాను. నా పక్కనున్న కుర్రాడు మధ్యలో మర్చిపోయి నన్ను చూసి కాపీ కొట్టాడు. వాడు పాస్, నేను ఫెయిల్. "రెండో మలుపులో నడుము తిరగలేదు" అన్నారు నాన్న. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నారు, నడుము బాగానే తిరిగిందట. "నిన్ను పాస్ చేస్తే కూతురు కాబట్టి ఇచ్చాడంటారని భయమేసిందమ్మా" అన్నారు. గ్రేడింగ్ మీరు పెట్టకండి అన్నది ఇందుకే. కొడుకుని ముద్దు చేస్తారేమోనని మీరు అనుకుంటూ ఉంటారు. నిజానికి జరిగేది తలకిందులు. మంచి మాస్టారైన తండ్రి సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ముందు ఊరి నోటికి జడుస్తాడు.

రెండో సంగతి ఒంటికి సంబంధించింది, దీన్ని కొంచెం జాగ్రత్తగా చదవండి. నాన్న నేర్చుకున్న రోజుల్లో పిడికిళ్లు గట్టిపడాలని సిమెంటు మీద పిడికిళ్లతో దండీలు తీయించేవారు. ఆయన నాతోనూ తీయించారు. పదేళ్లప్పుడు కుడి మణికట్టు వాచిపోయి పెన్ను పట్టుకోలేకపోయాను. డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించారు. పిల్లల ఎముకల చివర్లలో ఇంకా ఎదుగుతున్న మెత్తటి భాగం ఉంటుంది, ఎదుగుదల ఆగేదాకా, అంటే టీనేజీ దాకా అది గట్టిపడదు. దాని మీద రోజూ దెబ్బ పడితే ఎముక సరిగ్గా పెరగకపోవచ్చు. నాన్న ఆ ఎక్స్‌రే కవరు పట్టుకుని ఇంటిదాకా నడిచే వచ్చారు, రిక్షా ఎక్కలేదు. మర్నాడు గ్రౌండ్‌లో దండీలు ఆపేశారు, నావే కాదు, చిన్నపిల్లలందరివీ.

కాబట్టి మీ ఆరేళ్లవాడికి పిడికిళ్ల దండీలు వద్దు, మోకాళ్లు పూర్తిగా మడిచి చేసే బాతు నడక వద్దు, భుజాలు నొక్కి కాళ్లు చాపించడం అసలే వద్దు. పెంకులు పగలగొట్టించే ప్రదర్శన జోలికి పోకండి, అది చూసేవాళ్లకోసం. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. పరిగెత్తించండి, ఒంటికాలి మీద నిలబెట్టండి. వెల్లకిలా పడినప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకి తగలకుండా చూసుకోవడం నేర్పండి. ఈ పడటం ఒక్కటే వాడికి జీవితంలో ఎక్కువసార్లు పనికొస్తుంది, మెట్ల మీద, సైకిల్ మీద. కటా ఏడో ఏడు వచ్చాక చూడొచ్చు, రోజుకి రెండు మూడు కదలికలకి మించకుండా.

ఇక పద్నాలుగేళ్లప్పుడు నేను మానేశాను. ఆడపిల్లకి ఈ తన్నులాటలేంటని మేనత్త సణిగింది నిజమే, కానీ ఆవిడ మాట నేనెప్పుడూ లెక్కచేసింది లేదు. అసలు కారణం నాన్నే. స్కూల్లో మార్కులు తగ్గినా, ప్లేటు కడగకపోయినా, ఏ తప్పు చేసినా "కరాటే నేర్చుకుంటూ ఇదేనా" అనేవారు. తిట్టేది నాన్నో మాస్టారో తెలిసేది కాదు. నాన్న మీద అలిగితే మాస్టారి క్లాసుకి వెళ్లాలనిపించదు కదా. ఆరు నెలలు డ్రెస్ బీరువాలోంచి తియ్యలేదు.

ఆయన బతిమాలలేదు, కోప్పడలేదు. ఒక ఆదివారం "రాజమండ్రిలో పనుంది, వస్తావా" అని బస్సెక్కించారు. తన స్నేహితుడైన ఇంకో మాస్టారి క్లాసులో దింపి, తను టీ తాగడానికి వెళ్లిపోయారు. ఆ మాస్టారు నా సైడ్ కిక్ చూసి, "నిలబడిన కాలి మడమ తిప్పమ్మా, అప్పుడే నడుం తెరుచుకుంటుంది" అన్నారు. వారంలో సరిచేసుకున్నాను. ఇంటికొచ్చి గొప్పగా చేసి చూపిస్తే నాన్న నవ్వుతూ ఊరుకున్నారు. ఆయన మూడేళ్లుగా చెబుతున్నదీ అదే. ఆ తర్వాత నాలుగేళ్లు ఆదివారాలు రాజమండ్రికే వెళ్లాను, బ్లాక్ బెల్ట్ అక్కడి పరీక్షలోనే వచ్చింది.

బిడ్డని ఇంకో మాస్టారి దగ్గరికి పంపడం కొత్త పద్ధతేం కాదు. 1922లో జపాన్‌లోని ఒకినావా దీవి నుంచి టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించిన, మన షోటోకాన్‌కి మూలపురుషుడైన ఫునకోషి కూడా చిన్నప్పుడు నేర్చుకున్నది తన స్కూలు స్నేహితుడి తండ్రి అజాతో దగ్గరే. కేరళలో వడకరకి చెందిన మీనాక్షి అమ్మని ఏడో ఏట కలరికి, అంటే కలరిపయట్టు అనే యుద్ధవిద్య నేర్పే చోటికి, తీసుకెళ్లింది తండ్రే, నేర్పింది మాత్రం రాఘవన్ గురుక్కళ్. 2017లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. తండ్రి దగ్గరే నేర్చుకున్నవాళ్లు లేరని కాదు, ఫునకోషి కొడుకు గిగో ఉన్నాడు. ఇవాళ మనం షోటోకాన్‌లో తొడలు వణికిపోయేలా అంత కిందికి కూర్చుని నిలబడతామే, అది చాలావరకు గిగో తెచ్చిన మార్పు. తండ్రి నిలబాటు ఇంకా పైకి ఉండేది. అంటే కొడుకు తండ్రిలా చెయ్యలేదు, తండ్రి చెయ్యనిచ్చాడు. మీ వాడు రేపు మీరు నేర్పిన బ్లాక్‌ని (దెబ్బని అడ్డుకునే కదలికని) మార్చేసి చూపిస్తే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.

ఒలింపిక్స్ లాంటి ఆశలు మాత్రం పెట్టుకోకండి. టోక్యోలో ఒక్కసారి పెట్టి పారిస్‌లో తీసేశారు.

నా కూతురికిప్పుడు ఎనిమిదేళ్లు. రెండేళ్లు ఇంట్లో నేర్పి, నాతో పాటు నేర్పే ఇంకో మాస్టారి బ్యాచ్‌లో వేశాను. నాన్నకి మోకాళ్లు అరిగిపోయాయి, గ్రౌండ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మొన్న దాని మోచెయ్యి బయటికి పోవడం ఆయన కంట పడింది. నోరు తెరిచి, నా వైపు చూసి, మళ్లీ మూసుకున్నారు. తర్వాత ఆ మాస్టారిని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. కటా అయ్యాక కుర్చీలోంచి 'రైట్' అని మాత్రం గట్టిగానే వినిపించింది.