ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరింది, మాన్పించాలా?

ప్రశ్న: మాది నర్సంపేట. మా బిడ్డ హనుమకొండల బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. రోజూ బస్సుల పోయి వస్తది. ఈ మధ్య సమాజసేవ చేసే ఎన్‌ఎస్‌ఎస్‌ల, ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ స్టూడెంట్ బ్రాంచ్‌ల చేరింది. వారంల రెండు రోజులు ఇంటికొచ్చేసరికి రాత్రయితాంది. ఎన్‌సీసీ అయితే ఉద్యోగానికి పనికొస్తదంటరు, ఇవి దేనికి? మాన్పించాలా?

జవాబు: మాన్పించకండి. కానీ రాత్రి ప్రయాణం గురించి మీ భయం న్యాయమైనదే, ముందు దాని సంగతి చూద్దాం. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు పనిచేయాలి. వారానికి లెక్కేస్తే రెండున్నర గంటలు కూడా కాదు. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం వేరు. కాబట్టి మీటింగులు మధ్యాహ్నం భోజనం టైములో పెట్టమని మీ అమ్మాయినే అడగమనండి. బస్సుల్లో తిరిగే పిల్లలు ఆమె ఒక్కతే కాదు, అందరికీ మేలవుతుంది. ఎన్‌ఎస్‌ఎస్‌ ప్రోగ్రాం ఆఫీసర్‌గా కాలేజీ లెక్చరరే ఉంటారు. మీరూ ఒకసారి వెళ్లి కలవండి. శిబిరంలో ఆడపిల్లల బస ఎక్కడ, తోడుగా ఏ మేడమ్ ఉంటారు అని మొహమాటం లేకుండా అడగండి.

ఎన్‌సీసీ గురించి మీరు విన్నది నిజమే. సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఆర్మీ ఆఫీసర్ పోస్టుకు సీడీఎస్ అనే రాతపరీక్ష లేకుండానే, ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ దాకా వెళ్లే దారి ఉంది. అమ్మాయిలకు కూడా. సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు మాత్రం సర్టిఫికెట్ చూసి పిలవవు. అక్కడ అక్కరకొచ్చేది స్వయంగా నెత్తిన వేసుకుని చేసిన పని.

రక్తదాన శిబిరమే చూడండి. మొదటిసారి నడిపే పిల్లలు, పేరు రాయించుకున్న వాళ్లంతా రక్తం ఇస్తారనుకుంటారు. ఆ రోజు కొందరు రానే రారు. వచ్చినవాళ్లలో 45 కిలోల బరువు లేనివాళ్లను, హిమోగ్లోబిన్ 12.5 గ్రాముల కన్నా తక్కువున్నవాళ్లను డాక్టర్లు వెనక్కి పంపేస్తారు. మన ఆడపిల్లల్లో ఈ రక్తహీనత ఎంత ఉందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది, మనసు కలుక్కుమంటుంది. మరుసటి ఏడు అదే పిల్ల ముందే బరువు అడిగి, అవసరానికి రెట్టింపు పేర్లు రాసుకుంటుంది. బ్లడ్ బ్యాంకుతో తేదీ ఖాయం చేసుకుని, ప్రిన్సిపాల్ దగ్గర పర్మిషన్ తెచ్చుకుంటుంది. ఇంటర్వ్యూలో ‘నలుగురితో కలిసి చేసిన పని ఒకటి చెప్పమ్మా’ అంటే, బట్టీ పట్టిన జవాబుతో పనిలేదు.

ఐఈఈఈలో కూడా ఊరికే సభ్యత్వం కట్టి కూర్చుంటే లాభం లేదు. ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు మీద వర్క్‌షాప్ పెడితే కిట్లు తెప్పించే పనో, డబ్బుల లెక్క రాసే పనో ఒకటి అడిగి తీసుకోమనండి. మాట్లాడటానికి వచ్చే పాత విద్యార్థులతో పరిచయం పెరిగేది అలాంటి పనుల్లోనే. ఇంటర్న్‌షిప్ ఎక్కడ ఖాళీ ఉందో ముందు తెలిసేది వాళ్లకే.

ఈ రెండూ చాలు, మూడోది వద్దు. మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) జరిగే వారం అన్నీ పక్కన పెట్టాలి. ఎందుకంటే బ్యాక్‌లాగ్, అంటే ఫెయిలైన సబ్జెక్టు, ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ డ్రైవ్‌లో కూర్చోనివ్వవు.

ఒక నోట్‌బుక్ కొనివ్వండి. చేసిన ప్రతి పనికీ తేదీ, ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చయింది, ఎక్కడ తేడా వచ్చింది అని నాలుగు ముక్కలు రాసుకోమనండి. నెలకోసారి మీరూ పక్కన కూర్చుని చదివించుకోండి.