సమాధానం: విజయవాడ బస్టాపులు ఆర్కిటిక్ సముద్రంలో కనిపిస్తున్నాయి

వెబ్ పేజీల్లో పటాలు చూపే లీఫ్‌లెట్ లైబ్రరీతో పటం చేస్తే మీ విజయవాడ బస్టాపులు ఆర్కిటిక్ సముద్రంలో పడుతున్నాయన్నారు కదా. మీ డేటాలో తప్పేమీ లేదండీ, అంకెల వరుసే తారుమారైంది. జియోజేసన్‌లో (స్థలాల వివరాలు దాచే ఫైలు పద్ధతి) ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం ఉంటాయి. విజయవాడకు 80.6, 16.5 అన్నమాట. లీఫ్‌లెట్ మార్కర్ (పటంపై పెట్టే గుర్తు) మాత్రం అక్షాంశాన్నే ముందు అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తే 80.6ను ఉత్తర అక్షాంశమనుకుని మీ బస్టాపులను ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవులు దాటించేస్తుంది!

మార్కర్లను మీరే సృష్టిస్తుంటే రెండు అంకెలనూ తిరగేసి ఇవ్వండి. లేదా ఫైలు మొత్తాన్ని లీఫ్‌లెట్‌లోని ఎల్.జియోజేసన్ ఫంక్షన్‌కు అప్పగించండి, మార్పిడి సంగతి అదే చూసుకుంటుంది. నాకైతే ఇదే నయమనిపిస్తుంది. అసలు ఫైలులో మాత్రం వరుస మార్చకండి. రేపు దాన్ని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అక్కడ తప్పుతుంది.

ట్యాబ్ తెరిచాక పటం సగం బూడిదరంగులో ఉంటోందన్నారు కదా, ట్యాబ్ కనిపించిన తర్వాత, పటం కొలతను మళ్లీ చూసుకునే ఇన్‌వాలిడేట్‌సైజ్ ఫంక్షన్‌ను పిలవండి. ట్యాబ్ దాగి ఉన్నప్పుడు పటం ఉండే పెట్టె కొలత లీఫ్‌లెట్‌కు అందదు.