బల్దియా కాంట్రాక్టు చేతిలో ఉండగా కార్పొరేటర్‌గా పోటీ చేయవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో నాకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు వీధిదీపాల సామాను సప్లై చేశాను. ఏడాది మెయింటెనెన్స్ ఇంకా నడుస్తోంది, బిల్లులో కొంత రావాలి. కాలనీవాళ్లు ఈసారి కార్పొరేటర్‌గా నిలబడమంటున్నారు. కాంట్రాక్టు తమ్ముడి పేరు మీదకు మారిస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. నా ఓటు ఒక డివిజన్‌లో ఉంది, పోటీ చేయాలనుకుంటున్నది పక్క డివిజన్‌లో. కుదురుతుందా?

జవాబు: వ్యాపారం చేసేవాళ్లు పోటీ చేయకూడదని ఏ చట్టమూ చెప్పదు. మీకు అడ్డు వచ్చేది షాపు కాదు, ఆ వర్క్ ఆర్డర్. మున్సిపాలిటీతో నడుస్తున్న కాంట్రాక్టులో గానీ, దానికోసం జరుగుతున్న పనిలో గానీ ప్రయోజనం ఉన్నవారు అనర్హులు. రేపు వీధిదీపాల బిల్లు పాస్ చేయాలని కౌన్సిల్‌లో చెయ్యెత్తేదీ మీరే, ఆ డబ్బు తీసుకునేదీ మీరే అయితే జనం ఎవరిని అడగాలి? నిబంధన అందుకే పెట్టారు, అది న్యాయమే.

సామాను ఇచ్చేశాను కదా అనుకోకండి. మెయింటెనెన్స్ బాధ్యత మీ మీద ఉన్నంతకాలం కాంట్రాక్టు బతికే ఉంది. ఇక రావాల్సిన బిల్లు సంగతి. కాంట్రాక్టరు తన పని పూర్తిచేసి, ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మాత్రమే మిగిలితే ఆ కాంట్రాక్టు ముగిసినట్టేనని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ వివరణలో ఉంది. అది ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలకు రాసిన మాట. కార్పొరేషన్ ఎన్నికలో దాన్ని నమ్ముకుని నామినేషన్ వేయమని నేను చెప్పను.

తమ్ముడి పేరు ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. చట్టం చూసేది కాగితం మీద పేరును కాదు, లాభం ఎవరికి చేరుతోందో దాన్ని. నామినేషన్ల పరిశీలన రోజు ఒక టేబుల్ దగ్గర చూశాను. అభ్యర్థి ధీమాగా కూర్చున్నాడు. ప్రత్యర్థి మనిషి ప్లాస్టిక్ కవర్లోంచి వర్క్ ఆర్డర్ జిరాక్స్, బ్యాంకు చలానా తీసి అధికారి ముందు పెట్టాడు. పేరు బావమరిదిది, డిపాజిట్ కట్టిన ఖాతా అభ్యర్థిది. అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

దారి ఒకటే. మిగిలిన మెయింటెనెన్స్ నుంచి తప్పించమని కమిషనర్‌కు రాసి, కాంట్రాక్టు ముగిసినట్టు ఆర్డర్ తీసుకోండి. అర్జీ పెట్టి రసీదు తెచ్చుకుంటే చాలదు, వాళ్లు ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. అదీ నామినేషన్ వేయకముందే. సెక్యూరిటీ డిపాజిట్‌లో కొంత పోయినా పోనివ్వండి. గెలిచాక మళ్లీ బల్దియా పని తీసుకుంటే పదవికే ఎసరు. అంటే ఐదేళ్లు ఆ ఆదాయం వదులుకోవాలి. ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందు ఇది తేల్చుకోండి.

డివిజన్ గురించి టెన్షన్ వద్దు. కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటున్నా వేరే డివిజన్‌లో పోటీ చేయవచ్చు. మిమ్మల్ని ప్రతిపాదించే వ్యక్తి మాత్రం ఆ డివిజన్ ఓటరై ఉండాలి. 2021 ఎన్నికల్లో మన దగ్గర 66 డివిజన్లు. రిజర్వేషన్ ఖరారయ్యేదాకా ఒకే డివిజన్ మీద ఆశ పెట్టుకోకండి.

బకాయిలు కూడా చూసుకోండి. ఇంటి పన్ను, షాపు పన్ను, నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్స్ ఫీజు, ఏదైనా సరే, నోటీసు ఇచ్చి గడువు దాటినా కట్టకపోతే అనర్హతే. బిల్ కలెక్టర్ నోటిమాట నమ్మకుండా నో డ్యూ సర్టిఫికెట్ తెచ్చుకోండి. అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసుల గళ్లు ఏవీ ఖాళీగా వదలకండి. లేకపోతే 'లేదు' అని రాయండి.

మరో మాట. ప్రచారంలో షాపు నుంచి ఇంటికో బల్బు పంచాలన్న ఆలోచన ఉంటే మానండి. ఓటు కోసం ఇచ్చేది ఏదైనా లంచమే. భారతీయ న్యాయ సంహిత 173 సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఖర్చుకు షాపు ఖాతా వాడకుండా విడిగా ఒక ఖాతా తెరవండి. ఓడిపోయినా సరే, ఫలితాలొచ్చిన 45 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి.